ఏడూ నలభై రెండు ముహూర్తం

జూన్ 11, 2000. ఆదివారం

ఇవాళ జూబ్లీహిల్స్‌లో ఒక ఫంక్షన్ హాల్లో వ్యక్తిత్వ వికాసం క్లాసుకి వెళ్ళాను. వ్యాపారంలో పైకి రావాలంటే మనిషికి ఏ గుణాలు ఉండాలో టై కట్టుకున్న ఒకాయన రెండు గంటలు చెప్పాడు. చివర్లో తలా ఒక కాగితం ఇచ్చి, ఎవరికి వాళ్ళే మార్కులు వేసుకోండి అన్నాడు.

ధైర్యానికి పదికి పది వేసుకున్నాను. చలపతిరావు గారి సినిమా ఆఫీసులో ప్రొడక్షన్ మేనేజరు పని వదిలేసి సొంతంగా బళ్ళ వ్యాపారం పెట్టడానికి ఎంత గుండె కావాలి! నలుగురితో కలిసిపోవడానికి పది. ఓర్పుకి పది. ఇన్నేళ్ళు హీరోలతో వేగినవాణ్ణి, తక్కువ వేసుకుంటే పాపం తగులుతుంది. సమయపాలన అన్న మాట చూడగానే నవ్వొచ్చింది. ఫిల్మ్‌నగర్‌లో టైము గురించి నాకంటే తెలిసినవాడు ఎవడున్నాడు? దానికీ పది.

'కాదని చెప్పగలగడం' అని ఇంకో గుణం ఉంది. అది పొగరుబోతుల లక్షణం. ఖాళీగా వదిలేశాను.

రేపు మంచి రోజు. ఐదు సుమోలకీ పూజ చేయించి పని మొదలుపెడతాను. నోవాసింధు అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు మూడు నెలలు చూస్తామన్నారు. వాళ్ళ ఉద్యోగులను పొద్దున్నే ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని జూబ్లీహిల్స్‌లో ఆఫీసు పెట్టుకున్న బంగళాకి చేర్చాలి, సాయంత్రం దింపాలి. నచ్చితే పెద్ద కాంట్రాక్టు ఇస్తారు. నచ్చకపోతే మళ్ళీ చలపతిరావు గారి ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ పని మాత్రం చెయ్యను. పన్నెండేళ్ళు అందరికంటే ముందు నిద్ర లేచి, అందరి చేతా 'ఒరేయ్ రవీ' అనిపించుకున్నాను. తెర మీద నా పేరు పడేసరికి జనం లేచి చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. చాలు.

జూన్ 14

కంపెనీలో మా పని చూసేది కమలాకర్ గారు. నల్గొండ వైపు మనిషి. తక్కువ మాట్లాడతాడు, మాట్లాడినంతసేపూ కళ్ళలోకి చూస్తాడు. "ఎవరెవరిని ఎన్ని గంటలకు ఎక్కించుకుంటరో జర చెప్పున్రి సార్" అన్నాడు. చెప్పాను.

షూటింగులో అందరికీ ఒకటే టైము చెప్పే మేనేజరు రెండో రోజుకి ఇంటికి పోతాడు. తొమ్మిదింటికి షాట్ తియ్యాలంటే లైట్ల వాళ్ళకి ఐదు అని చెప్పాలి, మేకప్ వాళ్ళకి ఆరు, హీరో గారికి ఏడు. ఎవరు ఎంత ఆలస్యంగా వస్తారో కడుపులో పెట్టుకుని, దానికి తగ్గట్టు ముందుకి జరిపి చెబితే అందరూ తొమ్మిదింటికి ఒకచోట తేలతారు. ఇదొక విద్య. ఏ కాలేజీలోనూ చెప్పరు. "మా రవి టైము పెట్టాడంటే ఇక పంచాంగం చూడక్కర్లేదయ్యా" అని చలపతిరావు గారు నలుగురిలో అనేవారు.

ఆ విద్యే ఇక్కడా వాడాను. ఉద్యోగులకి అరగంట ముందు టైము, డ్రైవర్లకి గంట ముందు టైము. నన్ను చూసి నాకే ముచ్చటేసింది.

జూన్ 16

ఈ సాఫ్ట్‌వేర్ వాళ్ళు వింత మనుషులు. చెప్పిన టైముకి వచ్చి నిలబడుతున్నారు.

మోతీనగర్‌లో మనోజ అని ఒక అమ్మాయి. ఏడింటికి అని చెప్పాం. అంటే ఏడున్నర అని ఎవరికైనా అర్థమవుతుంది కదా. ఆ పిల్ల ఏడు కాకముందే గేటు బయటికొచ్చి నిలబడిందట. మా సుమో ఏడున్నరకి వెళ్ళింది. సుమో తోలేది జంగయ్య, నాతో పాటు చలపతిరావు గారి దగ్గర బండి నడిపినవాడే. వాణ్ణి ఆ పిల్ల అడిగిందట. "అన్నా, ఏడింటికి అన్నరు గద. అరగంట సంది నిలబడ్డ. గల్లీల పోయేటోళ్ళందరు నన్నే చూస్తున్రు" అని. జంగయ్య ఏమన్నాడో తెలుసా? "ఏడంటే ఏడింటికే ఎవరొస్తరమ్మా?" అన్నాడట. ఆ మాట ఆఫీసులో అందరికీ పాకింది.

టైముకి రావడం ఆ అమ్మాయి తప్పు. అయినా కమలాకర్ గారికి సారీ చెప్పాను.

జూన్ 23

మా ఆవిడ హరిణి మాట్లాడటం లేదు. కారణం తెలియదు.

జూన్ 24

తెలిసింది. మొన్న హరిణి పనిచేసే స్కూల్లో ఒక టీచరు పెళ్ళి రిసెప్షన్ వెంగళరావు నగర్‌లో. ఆరింటికి రెడీగా ఉండు, వచ్చి తీసుకెళ్తానన్నాను. ఎనిమిదికల్లా వచ్చాను, ఇంకా చీర కూడా మార్చుకుని ఉండదని ధీమాగా. ఇంటికి తాళం వేసి ఉంది. తను ఆరూ పదికి ఆటో ఎక్కి వెళ్ళిపోయిందట, భోంచేసి వచ్చిందట. మొగుడి కోసం ఒక్క రెండు గంటలు ఆగలేకపోయింది. నాకు కోపం రాదూ?

జూలై 3

ఆషాఢం వచ్చింది. ఫిల్మ్‌నగర్‌లో కొత్త పనులేం మొదలుపెట్టరు. నా బళ్ళు మాత్రం రోజూ తిరుగుతున్నాయి. అదీ సొంత వ్యాపారం అంటే!

కమలాకర్ గారి దగ్గర చిన్న చిన్న ఫిర్యాదులున్నాయి. అన్నిటికీ "అయిపోద్ది సార్" అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. మొత్తానికి తృప్తిగానే ఉన్నట్టు కనిపించాడు.

జూలై 19, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అమెరికా నుంచి నోవాసింధు కస్టమర్లు ముగ్గురు వచ్చారు. వాళ్ళనీ, కంపెనీ వాళ్ళనీ కలిపి ఇవాళ తొమ్మిదింటికల్లా మాదాపూర్‌లో పెద్ద మీటింగుకి చేర్చాలి. "జర జాగ్రత్త సార్, ఇది మాకు చావు బతుకుల ముచ్చట" అని కమలాకర్ గారు ముందే చెప్పాడు. "అయిపోద్ది సార్, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాను. అందరినీ ఏడున్నరకి బంగళా ముందు ఉండమన్నాను. పెద్దవాళ్ళు కదా, ఎనిమిదిన్నరకి గాని తేలరని నా లెక్క. డ్రైవర్లకి ఏడు అని చెప్పాను, అంటే ఎనిమిది దాటాక వస్తారు. నేను ఎనిమిదికి వెళ్తే సరిపోతుంది.

వెళ్ళేసరికి అందరూ రోడ్డు మీద ఉన్నారు. కోట్లు, టైలు, చేతుల్లో సంచులు. తెల్లజుట్టు అమెరికా ఆయన ఒకడు గేటు పక్క గట్టు మీద కూర్చుని వాచీ చూసుకుంటున్నాడు. ఏడున్నరకి రమ్మంటే ఏడున్నరకి వచ్చేశారు! బండి ఒక్కటి లేదు.

నేనేం కంగారుపడలేదు. ఇలాంటివి ఎన్ని చూశాను! షూటింగులో జనం అలిగి కూర్చుంటే మేనేజరు చేసే మొదటి పని వేడి వేడి టిఫిన్ దింపడం. నోట్లో వడ పడ్డాక కోపంగా మాట్లాడగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు. అందుకే ఎందుకైనా మంచిదని వస్తూ వస్తూ కృష్ణానగర్‌లో ఇడ్లీ, వడ, అల్లం పచ్చడి కట్టించుకుని వచ్చాను. నవ్వుతూ కారియర్ విప్పి అమెరికా ఆయనకి ప్లేటు అందించబోయాను.

కమలాకర్ గారు నా పక్కకి వచ్చాడు. గొంతు పెంచలేదు. "రవిచంద్ర గారూ, మాకు ఇడ్లీలు వద్దు. బండి కావాలె."

ఎనిమిదీ ఇరవైకి జంగయ్య వచ్చాడు, అద్దంలో చూసి తల దువ్వుకుంటూ. మిగతావాళ్ళు వాడి వెనక. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్కులో ఇరుక్కుపోయి మాదాపూర్ చేరేసరికి పది కావస్తోంది. మీటింగు సగమే జరిగింది.

సాయంత్రం కమలాకర్ గారు గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"మాకు ఏడున్నర అన్నరు. డ్రైవర్లకు ఏడు అన్నరంట. మీరు ఎనిమిదింటికి వచ్చిన్రు. నేను ఒక్కటే అడుగుత సార్. అసలు టైమ్ ఎంత?"

నిజంగానే నాకు తెలియదు. ఈయనకి ఒకటి, ఆయనకి ఒకటి అనుకుంటూ వచ్చాను గాని, అసలు టైము అని ఒకటి ఉండాలని నాకు ఎప్పుడూ తట్టలేదు.

"ఆగస్టు నెలాఖరు దాకా చూస్త" అన్నాడు. "ఇంకొక్కసారి ఇట్ల అయితే వేరేటోళ్ళను పెట్టుకుంట. బుర్ర గరమ్ చేసుకోకున్రి, ముందే చెప్తున్న."

ఇడ్లీలు డ్రైవర్లు తిన్నారు. బాగున్నాయన్నారు.

జూలై 20

తప్పు డ్రైవర్లది.

జూలై 21

తప్పు డ్రైవర్లది కాదు. నిన్న అలా రాసినందుకు సిగ్గుగా ఉంది.

జూలై 23, ఆదివారం

హరిణికి అంతా చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "పెళ్ళయిన దగ్గర్నుంచీ మీరు చెప్పిన టైముకి నేను ఎంత కలుపుకోవాలో లెక్కలు వేసుకుంటూనే బతుకుతున్నానండీ" అంది. "కూర ఎప్పుడు పొయ్యి మీద పెట్టాలో కూడా ఊహించుకోవాల్సిందే."

తర్వాత అడిగింది. "వచ్చే ఆదివారం టోలిచౌకిలో మా అన్నయ్య వాళ్ళింటికి వెళ్దామా?"

"ఓ, అలాగే" అన్నాను. తను నా మొహం వంక చూస్తూ నిలబడింది. వచ్చే ఆదివారం నాకు బళ్ళ సర్వీసింగ్ ఉంది. వెళ్ళలేనని నాకు తెలుసు. తెలిసే అలాగే అన్నాను! ఎవరైనా ఏదైనా అడిగితే నా నోరు దానంతటదే తెరుచుకుని 'అలాగే' అనేస్తోంది. ఎదుటివాడి మొహం చిన్నబోతే చూడలేను. అదే నా మంచితనం అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ.

"లేదు. అవదు" అన్నాను. చెమట పట్టింది.

"హమ్మయ్య" అంది హరిణి. "అయితే నేను పొద్దున్నే వెళ్ళి వచ్చేస్తాను." ఎంత తేలిగ్గా అయిపోయిందో! వదినకి ఫోన్ చేసి, పాట పాడుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది.

జూలై 24

ఇవాళ్టి నుంచి అందరికీ ఒకటే టైము, అదీ నిజం టైము. డ్రైవర్లను కూర్చోబెట్టి చెప్పాను.

జూలై 25

ఘోరం. ఇదివరకటికంటే ఘోరం.

నేను ఏడున్నర అని నిజం చెప్పాను. డ్రైవర్లు ఎప్పటిలాగే ఎనిమిదిన్నరకి వచ్చారు. ఇదివరకు నా అబద్ధమైనా కాస్త అడ్డం పడేది. ఇప్పుడు అదీ లేదు. మనోజ ఆటోలో వెళ్ళి డబ్బులు కంపెనీని అడిగింది.

"నేను నిజం చెప్పాను కదరా!" అని జంగయ్య మీద అరిచాను.

"నిజమని మాకెట్ల ఎర్కైతది సార్?" అన్నాడు. "మీరు ఏడంటే ఎనిమిది అని సమజ్ చేసుకుంటం. పన్నెండేండ్ల సంది గట్లనే నడిచె. ఇప్పుడు ఏడంటే ఏడే అంటున్రు. గది కూడ కొత్త ఉపాయమేమో అనుకున్నం."

జూలై 30

ఒకసారి నిజం చెబితే చాలదు. నమ్మేదాకా చెప్పాలి. అందాకా కాంట్రాక్టు ఆగుతుందా?

ఆగస్టు 4

రోజూ అందరికంటే ముందు వెళ్ళి నిలబడుతున్నాను. బళ్ళు పావుగంట ఆలస్యం దాకా దిగాయి. కమలాకర్ గారు ఏమీ అనడం లేదు. ఏమీ అనకపోవడమే భయంగా ఉంది.

చలపతిరావు గారు ఫోన్ చేశారు. "ఏరా రవీ, నీ సాఫ్ట్‌వేరు సరదా తీరిందా? కొత్త సినిమా మొదలెడుతున్నా. నీ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. తొమ్మిదో తారీకు ముహూర్తానికి వచ్చెయ్." నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఎంత ప్రేమగా పిలిచారు! "అలాగే సార్" అన్నాను.

ఆగస్టు 9, బుధవారం

ఫిల్మ్‌నగర్ గుళ్ళో ముహూర్తానికి వెళ్ళాను. వెళ్ళేటప్పుడు సగం మనసు ఆయన దగ్గరే చేరిపోదామని.

పదీ పదహారుకి కెమెరా తిప్పాలి. తొమ్మిదిన్నరకి గుడి నిండిపోయింది. హీరో గారు వచ్చేశారు! ఏడింటికి రమ్మంటే తొమ్మిదికి వచ్చే మనిషి, పట్టు పంచె కట్టుకుని, బొట్టు పెట్టుకుని, పది కాకముందే వచ్చి ఎండలో నిలబడ్డాడు. కెమెరా ఆయన వచ్చాడు. ఎప్పుడూ ఎక్కడా టైముకి కనిపించని పాటల రచయిత కూడా వచ్చాడు. పదీ పదహారు అయింది, క్లాప్ కొట్టారు. ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు.

నేను కొబ్బరి చెక్క చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయాను. మా వాళ్ళకి టైముకి రావడం చేతకాదని ఎవడన్నాడు? బ్రహ్మాండంగా చేతనవును. ఇన్నేళ్ళలో ముహూర్తానికి ఆలస్యంగా వచ్చినవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు. ఏడున్నర అంటే ఎవరికీ లెక్కలేదు. పదీ పదహారు అంటే ప్రాణం పెడతారు!

చలపతిరావు గారు భుజం మీద చెయ్యి వేసి, "ఎల్లుండి నుంచి వస్తావా?" అన్నారు. వస్తానని అనలేదు. రానని అనడానికి నోరు రాలేదు. "ఫోన్ చేస్తాను సార్" అని పరుగెత్తుకుంటూ వచ్చేశాను.

ఆగస్టు 12

టైములన్నీ మార్చేశాను. ఏడున్నర లేదు, ఎనిమిది లేదు. మోతీనగర్ బండి కదలడం ఏడూ నలభై రెండు. వెంగళరావు నగర్ ఏడూ యాభై మూడు. టోలిచౌకి ఏడూ ముప్ఫై ఆరు. డ్రైవర్లందరినీ పిలిచి, ముహూర్తాలు పెట్టించాను, సోమవారం నుంచి అమలు అన్నాను. ఎవరూ నవ్వలేదు. జంగయ్య అయితే చేతులు జోడించాడు.

కమలాకర్ గారు కాగితం చూసి, "ఇదేంది సార్, రైల్వేల చేసిన్రా?" అన్నాడు. మూడు వారాల్లో ఆయన నాతో అన్న మొదటి నవ్వు మాట ఇది.

ఆగస్టు 14, సోమవారం

మోతీనగర్‌లో నేనే వెళ్ళి నిలబడ్డాను. ఏడూ నలభైకి జంగయ్య బండి మలుపు తిరిగింది. స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ముందు టైర్ల కింద నిమ్మకాయలు కూడా పెట్టాడు. మనోజ ఎక్కింది. ఏడూ నలభై రెండుకి బండి కదిలింది. నిమ్మకాయలు చితికాయి.

ఆ నడివీధిలో చప్పట్లు కొట్టాను. పాలు తీసుకెళ్తున్న ఒకావిడ నన్ను చూసి పక్కకి తప్పుకుంది.

ఆగస్టు 18

వారమంతా ఒక్క ఫిర్యాదు లేదు.

ఆగస్టు 21, సోమవారం

ఇవాళ కంపెనీ పెద్ద సారు పిలిపించాడు. కమలాకర్ గారు పక్కన కూర్చున్నాడు. కంపెనీ మాదాపూర్‌లో కొత్త బిల్డింగులోకి మారుతోందట. సెప్టెంబరు ఒకటో తారీకు నుంచి ఇరవై బళ్ళు కావాలట. ఇదే ఆ పెద్ద కాంట్రాక్టు. ఇంకో ఇద్దరు ట్రావెల్స్ వాళ్ళు ఒకటో తారీకుకి సిద్ధమని చెప్పి వెళ్ళారట.

"మీకు అవుతుందా?" అన్నాడు పెద్ద సారు.

'అయిపోద్ది సార్' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని ఆపడానికి పళ్ళు బిగపట్టాల్సి వచ్చింది. ఇరవై బళ్ళు రేపే తేగలను, అది పెద్ద పని కాదు. కొత్తగా వచ్చే డ్రైవర్లు మాత్రం ఏడంటే ఎనిమిది అనుకునేవాళ్ళే. వాళ్ళు దారికి రావాలంటే కనీసం రెండు వారాలు పడుతుంది. నాకు ఇప్పుడు ఆ సంగతి బాగా తెలుసు.

"ఒకటో తారీకుకి అవదు సార్" అన్నాను. "పదిహేనుకి అవుతుంది."

"మిగతావాళ్ళు ఒకటికే అంటున్నారు."

"అనొచ్చు సార్. నాకు మాత్రం పదిహేను."

కమలాకర్ గారు బల్ల వంకే చూస్తున్నాడు. "సరే, చెప్తాం" అన్నాడు పెద్ద సారు. సినిమా వాళ్ళ భాషలో చెప్తాం అంటే అయిపోయిందనే అర్థం.

అంత పెద్ద అవకాశాన్ని నా నోటితో నేనే తోసేశాను. అయినా ఇంటికి వచ్చేదాకా ఏదో హాయిగా ఉంది. ఇవాళ నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు.

ఆగస్టు 24, గురువారం

ఊరంతా నీళ్ళు. ఇలాంటి వాన నేను చూడలేదు. కంపెనీకి సెలవు లేదట, అమెరికా వాళ్ళకి ఇవాళ ఏదో పంపాలట.

పొద్దున్నే జంగయ్యను తీసుకుని దారులన్నీ చూసి వచ్చాను. తర్వాత ఫోన్ దగ్గర కూర్చుని ఒక్కొక్కరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఫోన్ లేనివాళ్ళకి పక్కింటి నంబరుకి చేసి పిలిపించాను. టోలిచౌకి వాళ్ళకి, "ఇవాళ బండి రాదు, మీ వైపు రోడ్డు మునిగింది, ఎదురుచూడకండి" అన్నాను. మనోజకి, "మీ గల్లీలోకి రాలేదమ్మా. ఎర్రగడ్డ మెయిన్ రోడ్డు మీదికి తొమ్మిదీ పన్నెండుకి వస్తుంది" అన్నాను. "ఈ వానల తొమ్మిదీ పన్నెండా?" అని నవ్వింది. కానీ వచ్చి నిలబడింది, గొడుగు పట్టుకుని. బండీ వచ్చింది.

రానన్న చోటికి వెళ్ళలేదు. వస్తానన్న చోటికి వెళ్ళాను. ఎవరూ తిట్టలేదు! బండి రాదని చెప్పినందుకు టోలిచౌకి ఆయన ఒకడు థాంక్స్ కూడా చెప్పాడు.

ఆగస్టు 28, సోమవారం

జంగయ్య పొద్దున్నే బండి తుడుస్తూ, "సార్, ముహూర్తాలు ఏ అయ్యగారు పెట్టిండు?" అన్నాడు.

ఇక అబద్ధాలు వద్దని కదా నా పట్టుదల. "ఎవరూ పెట్టలేదు జంగయ్యా. నేనే కల్పించాను" అన్నాను.

"నాకు మొదటి దినమే ఎర్కయింది" అన్నాడు నవ్వుతూ. "సోమారం ఏడున్నర కాడికెల్లి రాహుకాలం. ఏడూ నలభై రెండుకు ముహూర్తం ఎవడు పెడ్తడు సార్?"

"మరి ఎందుకు వచ్చావు?"

"మీరు గాడ గడియారం చూసుకుంట నిలబడ్డరు గద. నేను రాకుంటే మంచిగుండదనిపించింది. గిప్పుడు అలవాటయింది. ఇంట్ల మా ఆమె కూడ గడియారం చూసే అన్నం పెడుతున్నది."

పొద్దుటి నుంచీ ఇద్దరం అది తలుచుకుని నవ్వుతూనే ఉన్నాం.

ఆగస్టు 30

వచ్చింది! కాంట్రాక్టు నాకే! ఇరవై బళ్ళు!

కమలాకర్ గారే ఫోన్ చేశాడు. "ఒకటో తారీకు అంటే ఒకటో తారీకే అన్న బిల్డరు ఇంక లిఫ్టే పెట్టలే సార్. బిల్డింగు పదిహేనుకు గాని తయారు కాదు. మొన్న మా పెద్ద సారు అడిగిండు, మనకు ఉన్నది ఉన్నట్టు చెప్పినోడు ఎవడన్న ఉన్నడా అని. ఒక్కడున్నడు అని మీ పేరు చెప్పిన." ఫోన్ పెట్టేసే ముందు, "వాన దినం ముచ్చట కూడ చెప్పిన" అన్నాడు.

హరిణిని ఎత్తుకుని గిర్రున తిప్పాను. నడుం పట్టేసింది. సంతోషంగా ఉంది. చాలా, చాలా సంతోషంగా ఉంది.

సెప్టెంబరు 6

కొత్త డ్రైవర్లకి జంగయ్య పాఠాలు చెబుతున్నాడు. ఏడంటే ఎనిమిది అనుకున్నవాణ్ణి మూడు రోజులు తనతో తిప్పుకుంటున్నాడు. ఇద్దరు మానేశారు. పోనీ.

సెప్టెంబరు 14, గురువారం

రేపు తెల్లవారి నుంచి ఇరవై బళ్ళు. ఇవాళ మధ్యాహ్నం చలపతిరావు గారు స్వయంగా నా ఆఫీసు గదికి వచ్చారు. నేను ఆయన కింద పనిచేసినన్నాళ్ళూ ఆయన ముందు కూర్చోలేదు. కుర్చీ వేసి, నేను నిలబడే ఉన్నాను.

"రేపు పొద్దున రామోజీ ఫిల్మ్ సిటీ దాకా పోవాలిరా, యూనిట్ మొత్తం. మా బళ్ళవాడు చెయ్యిచ్చాడు. నీ దగ్గర ఇరవై ఉన్నాయటగా, ఐదు పంపు. ఒక్క పూట. నీకు తెలియనిదేముంది, ఎలాగోలా సర్దెయ్యవూ?"

సర్దడం నాకు తెలుసు. ఐదు బళ్ళు అటు పంపి, కంపెనీ వాళ్ళకి ఏదో చెప్పి, గంటలో వెనక్కి రప్పించి... ఆ లెక్క అంతా నా బుర్రలో దానంతటదే తయారయిపోయింది. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిన మనిషి. మా పెళ్ళికి తన కారు పంపిన మనిషి. పన్నెండేళ్ళలో ఆయనకి ఒక్కసారి కూడా కాదని చెప్పలేదు.

"అవదు సార్" అన్నాను.

ఆయనకి వినపడలేదేమో అనుకున్నాను. మళ్ళీ అన్నాను.

"నువ్వు... అవదంటున్నావా?" అన్నారు. కోపం కూడా కాదు, ఆశ్చర్యం. కళ్ళు దించుకోలేదు. "రేపు ఇరవై బళ్ళూ వాళ్ళవి సార్. మాటిచ్చాను. ఇప్పుడు అలాగే అంటే మీకూ, వాళ్ళకీ ఇద్దరికీ అబద్ధం చెప్పినవాణ్ణవుతాను."

ఆయన లేచి వెళ్ళిపోయారు. కారు తలుపు గట్టిగా వేశారు. నేను చాలాసేపు ఆ ఖాళీ కుర్చీ వంక చూస్తూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది. అయినా మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

సెప్టెంబరు 15, శుక్రవారం

ఇరవై బళ్ళు. ఇరవై వీధులు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఆలస్యం కాలేదు. మాదాపూర్ కొత్త బిల్డింగు ముందు వరసగా వచ్చి ఆగుతుంటే కమలాకర్ గారు మెట్ల మీద నిలబడి వాచీ చూసుకున్నాడు, మళ్ళీ బళ్ళ వంక చూశాడు, వాచీ తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇగ దీనితోని పని లేదు సార్" అన్నాడు.

నేను గెలిచాను. ఎవరూ చదవని డైరీలో రాసుకోవడానికి సిగ్గెందుకు? గెలిచాను.

రాత్రి భోజనాల వేళ ఫోన్ మోగింది. చలపతిరావు గారు.

"ఇంకొకడు పంపుతానన్న బళ్ళు ఇవాళ పదింటికి వచ్చాయిరా. మధ్యాహ్నం దాకా షాట్ పడలేదు" అన్నారు. "సరే గాని, నీకు ఎప్పుడు అవుతుంది?"

"ఆదివారం అవుతుంది సార్. ఐదు బళ్ళు. పొద్దున ఆరింటికి మీ ఆఫీసు ముందు నుంచి కదులుతాయి."

ఇండస్ట్రీలో నలభై ఏళ్ళుగా ఉన్న మనిషి, నాకు ఈ విద్య నేర్పిన మనిషి, గొంతు తగ్గించి, తెలియనిది అడిగినట్టు అడిగారు.

"రవీ, ఆరంటే ఎన్నింటికయ్యా?"

"ఆరింటికి సార్" అన్నాను.

సెప్టెంబరు 17, ఆదివారం

ఆరయింది. బళ్ళు కదిలాయి. హీరో గారు ఇంకా రాలేదు. చలపతిరావు గారు మాత్రం తల కూడా ఆరకుండా వచ్చి, ముందు సీట్లో కూర్చుని ఉన్నారు.